అతుకు విడిన చోటు

పొలాల మీద మందు చల్లే చిన్న విమానం నడిపేవాడు ఆమె భర్త. ఒక పొద్దున విమానం కూలి కాలిపోయింది. ఇంజన్ గాలిలోనే ఊడి వేలాడటం చూశామని రైతులు చెప్పినా, కాలిన ముక్కల్లో ఏదీ తేలలేదు. ఇంజన్‌ను మోసే ఉక్కు గొట్టాల చట్రానికి వెల్డింగ్ చేసింది ఆమె సొంత అక్క మొగుడే. శవం ఇంట్లో ఉండగానే ఆయన నలుగురిలో అన్నాడు: "వాడికి దూకుడెక్కువ. మరీ కిందికి దించి ఎక్కడో తగిలించుంటాడు."

అందరూ నమ్మారు. పోయినవాడి కన్నతల్లి కూడా నమ్మింది.

ఏడాది తిరక్కుండా ఆమె బావ పనిచేసే వర్క్‌షాపులోనే, అతుకుల బలం పరీక్షించే గదిలో పనికి చేరింది. "పాపం, బతకాలిగా" అని బావే సిఫారసు చేశాడు. ఆమె నవ్వి తలూపింది.

అతికిన గొట్టాన్ని యంత్రం దవడల్లో బిగించి తెగేదాకా లాగడం ఆమె పని. పక్కన గొట్టం తెగితే అతుకు గట్టిదన్నమాట. అతుకే విడిపోతే పనికిరానిది. బావ పంపిన నమూనాల్లో ఒక్క అతుకూ విడలేదు. గొట్టం తెగిన ప్రతిసారీ ఆమె పళ్ళు కొరుక్కునేది. పోనుపోనూ గమనించింది: పరీక్షకు పంపే ముక్కల్ని బావ ఓపిగ్గా అతుకుతాడు, అసలు చట్రాల దగ్గర మాత్రం చేతులు పరుగెడతాయి.

"నమూనాలెందుకు సార్? తయారైన చట్రంలోంచే ఒక అతుకు కోసి లాగుదాం" అంది ఇన్‌ఛార్జితో. ఆయనకు సబబనిపించింది.

ఆ రోజు బావను ఆమే వెళ్ళి పిలుచుకొచ్చింది. యంత్రం లాగింది. టప్‌మని అతుకు విడింది. పైన నున్నగా ఉంది, లోపల ఉక్కు కరగనేలేదు.

"చెప్పండి బావా, దీన్నెవరు దూకుడుగా నడిపారు?"

బావ చేసిన చట్రాలన్నీ వెనక్కి రప్పించారు. ఆయన్ను పనిలోంచి తీసేశారు. సాయంత్రం అక్క వచ్చి భోరుమంది. "నా కొంప ముంచావు కదే! ఇప్పటికైనా కడుపు చల్లబడిందా?"

"లేదక్కా. ఆయనొచ్చి మా అత్తగారికి చెప్పాలి. అప్పటిదాకా ఆ కూలిన విమానం సంగతి మళ్ళీ తవ్వమని పైవాళ్ళ చుట్టూ తిరుగుతూనే ఉంటాను."

వచ్చాడు. తల దించుకుని గొణిగాడు: "తప్పు మీవాడిది కాదు. నా అతుకుది."

"గట్టిగా చెప్పండి. అత్తయ్యకు చెవులు సరిగా వినపడవు."

మళ్ళీ చెప్పాడు. "ఏంటమ్మా అంటున్నాడు?" అని ముసలామె కోడలి వైపు చూసింది. కోడలు బావకు కుర్చీ చూపించలేదు. ఆయన అరిచి చెప్పేదాకా గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

ముసలామె కొడుకును పిలుస్తూ ఏడవసాగింది. అప్పుడు కోడలు పక్కకు తప్పుకుని బావకు దారిచ్చింది. ఇంకోసారి చెప్పిస్తే బావుండేదనిపించింది.