సూదుల సాబు మా అన్న

మా అన్న పోయి పదిహేను రోజులైంది. కబురు తెచ్చింది ఆయన పెద్దకొడుకే. కామారెడ్డి నుంచి సైకిలు తొక్కుకుంటూ ఎల్లారెడ్డికి వచ్చి, మా వాకిట్లోకి రాకుండా దూరంగానే నిలబడ్డాడు. నేను ఎదురు వెళ్ళబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

“చిన్నబాపు, బాపు పోయిండు. నన్ను ముట్టకు.”

ఏ రోగంతో పోయాడో ఆ చివరి మాటతోనే నాకు తెలిసిపోయింది.

అన్న సర్కారు నౌకరీలో ప్లేగు టీకాలు వేసేవాడు. కాపురం కామారెడ్డిలో, తిరుగుడు చుట్టూ ఊళ్ళలో. ఎక్కడైనా ఎలుక చచ్చి పడితే ఆయన సర్కారు కచేరికి రాయాలి. రాస్తే ఊరంతా ఇళ్ళు వదిలి చేలల్లో గుడిసెలు వేసుకోవాలి. అందుకే సూదుల సాబు సైకిలు కనబడితే జనానికి గుండెలో రాయి పడేది. ఆయన మంచివాడని అందరికీ తెలుసు. అయినా ఆయన రావాలని ఎవరూ కోరుకోలేదు.

ఊళ్ళ నుంచి వచ్చాక నేరుగా ఇంట్లోకి వచ్చేవాడు కాదు. పెరట్లో వేడినీళ్ళు పోసుకుని, విడిచిన బట్టలు మరిగే నీళ్ళలో వేసి, అప్పుడు పిల్లల్ని పిలిచేవాడు. ఒక్కొక్కరినీ ఒళ్ళో కూర్చోబెట్టుకుని మెడ కింద, చంకల్లో వేళ్ళతో తడిమేవాడు. వాళ్ళు చక్కిలిగిలికి పకపకా నవ్వేవాళ్ళు. ముద్దు చేస్తున్నాడనుకునేవాణ్ణి నేను. కానీ చివరి పిల్ల అయ్యేదాకా ఆయన ముఖంలో నవ్వు ఉండేది కాదు. గడ్డలేమైనా తగులుతాయేమోనని వెతుకుతున్నాడని చాలా రోజులకు గాని నాకు తట్టలేదు.

“ఒక్కరు పోవుడు రోగంతోని. రెండో మనిషి పోవుడు దాచిపెట్టుడుతోని” అనేవాడు. ఆ మాట నేను ఎన్నోసార్లు విన్నాను. విన్నాను, అంతే.

ఆయన పెద్దబిడ్డ పెళ్ళి ఎల్లారెడ్డిలో మా ఉమ్మడి ఇంట్లోనే పెట్టుకున్నాం. మూడు రోజులు ఉందనగా, వడ్లు పోసిన అర్రలో నాకు చచ్చిన ఎలుక కనబడింది. అన్న ఇంకా కామారెడ్డి నుంచి రాలేదు. పుల్లతో ఎత్తి పెంటకుప్పలో పూడ్చేశాను. ఎవరికీ చెప్పలేదు. మరునాడు నా భార్య ఆ అర్రంతా ఊడ్చి అలికింది.

ఆ సాయంత్రానికి అన్న వచ్చాడు. మేమంతా చూస్తుండగానే ఒక ఎలుక పందిట్లోకి వచ్చి, తాగినట్టు గిరగిరా తిరిగి పడిపోయింది. ఎవరూ కదల్లేదు. అన్న నా వైపు చూశాడు.

“తమ్మీ, ఇంతకుముందు పడ్డదా?”

“లేదన్నా” అన్నాను.

మా అవ్వ ఆయన చెయ్యి పట్టుకుంది. “పెండ్లి అయినంక రాయి కొడుకా. రెండు దినాలే గద.”

“రెండు దినాలల్ల ఈ పందిట్లకు ఎంతమంది వస్తరే అవ్వా?”

అక్కడే కూర్చుని కచేరికి కాగితం రాశాడు. ఎలుక పడిన ఇల్లు ఎవరిదన్న చోట తన పేరే పెట్టాడు. పసుపు బట్టల్లో ఉన్న బిడ్డ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. ఆ పిల్లే చేతి గాజులు ఒక్కొక్కటీ తీసి తల్లికి ఇచ్చింది. పిల్ల కాలు మంచిది కాదని మగపెళ్ళివారు సంబంధం తెంచుకున్నారు.

మరునాడు ఊరు ఖాళీ అయింది. జనం మూటలతో మా ఇంటి ముందు నుంచి పోతూ ఆయన్ని తిట్టారు. ఆయన తల వంచుకుని అందరికీ సూదులు వేస్తూనే ఉన్నాడు. నా భార్య చెయ్యి చాపేసరికే ఒళ్ళు కాలిపోతోంది.

గుడిసెలో మూడు రోజులు ఉంది. అన్న తప్ప ఎవరూ దగ్గరికి రాలేదు. నన్నూ రానివ్వలేదు. “నీ పిల్లలకు తండ్రన్న ఉండాలె” అన్నాడు. ఆమె నోట్లో గుడ్డతో నీళ్ళు పిండుతూ, “తాగు బిడ్డా, ఇంకొంచెం” అని ఆయన అంటుంటే నేను చేనుగట్టు మీద నిలబడి విన్నాను. మూడోనాటి సాయంత్రం ఆ మాట ఆగిపోయింది.

నా ఇద్దరు పిల్లల్నీ ఆయనే కామారెడ్డి తీసుకుపోయి తన పిల్లలతో పాటు పెంచాడు. పెళ్ళి తప్పిన అన్న పెద్దబిడ్డను రెండేళ్ళకు సదాశివనగర్‌లో ఇచ్చారు. చల్లగా ఉంది. నేనే నిద్ర లేకుండా ఉన్నాను. పోయిన దసరాకు ఆయన వచ్చినప్పుడు ఇక దాచలేక చెప్పేశాను.

“నాకు ఎరుకే” అన్నాడు. “పెంటకుప్ప ఆనాడే చూసిన.”

“మరి ఇన్నేండ్లు ఎందుకు అడగలేదన్నా?”

“అడిగితే నువ్వు బతుకుతుంటివా?”

ఈసారి ఎల్లారెడ్డి తోవలోని ఒక ఊరికి టీకాలకు పోయినప్పుడు ఆయనకే జ్వరం తగిలింది. ఇంటికి పోలేదు. కామారెడ్డి బయట ఒక కొట్టంలో పడుకుని, వదినను, పిల్లలను దూరాన వరుసగా నిలబడమన్నాడట. ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచాడట. నా పిల్లల్ని ముందు పిలిచాడట.

మొన్న కామారెడ్డిలో అన్న దినాలు అయ్యాక తిరిగి వస్తూ, ఆయనకు జ్వరం తగిలిన ఆ ఊళ్ళో నేను మోటారు బస్సు దిగాను. మిట్టమధ్యాహ్నం. ఆయన మాట విని జనం చేలల్లోకి పోయారు. తలుపులన్నీ బార్లా తెరిచి ఉన్నాయి. ఒక వాకిట్లో చేటలో వదిలేసిన బియ్యాన్ని పిచ్చుకలు తింటున్నాయి. ఊరి చివర ఒక్క ఇంటికి మాత్రం లోపల నుంచి గడియ పెట్టి ఉంది. తలుపు కొట్టాను.

“మా ఇంట్ల ఏం లేదు, పో” అంది ఒక ఆడగొంతు.

ఆమె వెనక ఎవరో దగ్గారు. పసిగొంతు. మళ్ళీ కొట్టాను. తలుపు తీసేదాకా పోవద్దని ఎండలో ఆ గడప ముందు కూర్చున్నాను. లోపల దగ్గు ఆగుతోంది, మళ్ళీ వస్తోంది.