కొబ్బరినూనె సీసా

ఉదయం తొమ్మిదీ నలభైకి, పొదిలిలో రేషన్ డీలర్లకు వేలిముద్ర మిషను నేర్పడానికి వచ్చిన మా ట్రైనర్ మేడమ్, లాప్‌టాప్ పక్కన కొబ్బరినూనె సీసా పెట్టారు.

“జడలు కూడా వేస్తారాండీ?” అన్నాడొక డీలరు.

మేడమ్ మిరపకాయల తొడిమలు తీసే ఒక ముసలామెను ముందుకు పిలిచారు. వేళ్ళు అరిగి వేలిముద్ర పడక ఆమెకు రెండు నెలలుగా బియ్యం అందలేదు.

“నా వేలు నాది కాదంటందమ్మా ఈ మిషను.”

మేడమ్ ఆ వేలికి నూనె రాసి, కొంగుతో తుడిచి, తనే పట్టుకుని మిషను మీద ఆనించారు. మూడోసారికి పచ్చలైటు వెలిగింది.

“ముందు చెయ్యి పట్టుకోండి. తర్వాతే మిషను,” అని డీలర్లకు చెప్పి, కళ్ళు తుడుచుకున్నారు. మేడమ్ దగ్గర పని నేర్చుకుంటున్న నేను, ఏడుస్తున్నారనుకున్నాను.

“కారమండీ,” అన్నారు.

మేడమ్ నిరుడు పోయారు. ఆ శిక్షణ ఇప్పుడు నేను వీడియోలో ఇస్తున్నాను. ఎవరి చెయ్యీ పట్టుకోవడం లేదు.