కందికట్టె పరిచిన దిగుడు

మొన్న శుక్రవారం తెల్లారుతూనే ఫోన్ మోగింది. చేసింది నాగమణి. ఒకప్పుడు నా దగ్గర తొమ్మిదో తరగతి చదివిన పిల్ల, ఇప్పుడు కందుకూరులో నర్సు. "టీచర్, మన డ్రిల్లు మాస్టారు పోయారండి. సాయంత్రం నమాజు తర్వాత మట్టి చేస్తారంట. మీరొస్తారా?" అంది. వస్తానని చెప్పి సత్తెనపల్లిలో దొరికిన మొదటి బస్సెక్కాను. దారి పొడుగునా నాకు ఏడుపు రాలేదు, భయం వేసింది. ఆ భయమేమిటో చెప్పకుండా ఆయన గురించి నాలుగు మంచి మాటలు రాసి ఊరుకోవడం నాకు చేతకాదు.

కనిగిరికీ కందుకూరికీ మధ్య, గుట్టల కింద ఉన్న ఒక ఊరి హైస్కూల్లో ఆయన డ్రిల్లు మాస్టారు. తొంభైల చివర నేను సైన్సు టీచరుగా అక్కడే ఉద్యోగంలో చేరాను. నాది పొన్నూరు. కాలవ గట్ల మీద సైకిలు తొక్కుతూ పెరిగినదాన్ని. మా వైపు తొక్కితే సైకిలు కదులుతుంది, మానేస్తే ఆగుతుంది. అంతకు మించి అందులో నేర్చుకునేదేముందని నా ధీమా. చేరిన వారానికే బడి ముందున్న ఏటవాలులో సైకిలు నన్ను లాక్కుపోయి గేటుకి కొట్టింది. మాస్టారు గేటు పక్కనే ఉన్నారు. "దెబ్బ తగిలిందా టీచరమ్మా?" అని అడిగారు. లేదన్నాక అప్పుడు నవ్వారు.

"ఎక్కేటప్పుడు మనం చెప్పినట్టు రోడ్డు వింటదండి. దిగేటప్పుడు రోడ్డు చెప్పినట్టు మనం వినాలి" అన్నారు.

ప్యాంటు అంచు గొలుసులో పడకుండా పాత ట్యూబు ముక్క కట్టుకుని, ప్రతి ఆదివారం ఆయన సైకిలు మీద సముద్రం దాకా పోయి వచ్చేవారు. రంజాన్ నెలలో ఒక్కపొద్దుతో కూడా పోయేవారు. గుట్టల మీదుగా పాకల తీరానికి ఉన్న దారులన్నీ ఆయనకు నోటికొచ్చు. అయితే ఆ దారులు చెప్పేటప్పుడు కిలోమీటర్లు చెప్పరు, పంటలు చెబుతారు. ఆ ఊళ్ళలో కళ్లం లేని రైతుకి తారు రోడ్డే కళ్లం. మిరపకాయలు రోడ్డు పక్కన ఆరబోస్తారు. కంది కోసి, కట్టెతో సహా రోడ్డుకి అడ్డంగా పరుస్తారు. బస్సులూ లారీలూ తొక్కితే గింజ రాలుతుంది. మాఘమాసంలో ఏ మలుపు దగ్గర ఏం పరిచి ఉంటుందో మాస్టారు ఇంట్లో కూర్చునే చెప్పగలరు. అయినా ప్రతి దిగుడు దగ్గరా సైకిలు దిగి, ముందు నడిచి చూసి వచ్చేవారు. నాచేత కూడా మా చుట్టుపక్కల దిగుళ్ళన్నీ అలాగే నడిపించారు. ఎండలో ఆ నడక నాకు మహా చిరాకుగా ఉండేది.

ఒకసారి ఒక రైతు మిరపకాయలు ఎత్తుకుపోయి, వాటి చుట్టూ పెట్టిన రాళ్ళు మాత్రం రోడ్డు మీదే వదిలేశాడు. మాస్టారు ఆగి కేకేశారు.

"ఒరేయ్, రాళ్ళు ఎవురు తీస్తారా?"

"ఏంది మాస్టారూ, ఇది మీ తాతల రోడ్డా?"

"మీ తాతలది కూడా కాదు గదరా. రా, ఇద్దరం తీద్దాం."

ఆ రైతు గొణుక్కుంటూనే వచ్చి రాళ్ళు మోశాడు.

మగపిల్లల్ని ఆయన ఏటా సముద్రానికి తీసుకెళ్ళేవారు. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో ఒకరోజు స్టాఫ్ రూములో, "ఆడపిల్లలకి సైకిళ్ళు నేర్పి బడికి రప్పించుకున్నాం. నలభై కిలోమీటర్లలో సముద్రం పెట్టుకుని వాళ్ళు దాన్ని చూడకుండానే పెద్దోళ్ళయిపోతే ఎట్టా?" అన్నారు. నేను వెంట వస్తానంటే తల్లిదండ్రులు ఒప్పుకుంటారన్నారు. ఇద్దరం ఇల్లిల్లూ తిరిగాం. నాగమణి వాళ్ళ నాన్న పత్తి, మిరప పండించే రైతు, గట్టి మనిషి.

"కింద పడితే ఎవురు పూచీ?" అన్నాడు.

"నేను" అన్నారు మాస్టారు.

"దానికేమన్నా అయితే బడి మాన్పిస్తా. ముందే చెప్తున్నా."

తొమ్మిది మంది పిల్లలతో తెల్లవారుజామున బయల్దేరాం. కందుకూరుకి ముందు ఒక గుట్ట ఉంది. ఎక్కడం తేలికే, అవతలి దిగుడు నిలువుగా పోయి మలుపు తిరుగుతుంది. పైన మమ్మల్ని ఆపి మాస్టారు నడిచి దిగారు. "నేను తువ్వాలు ఊపిందాకా ఒక్కరు కూడా కదలబాకండి" అన్నారు. మలుపు తిరిగాక ఇక కనిపించలేదు. పది నిమిషాలైంది, పావుగంటైంది. ఎండ ఎక్కుతోంది. పిల్లలు గోల. నాకు ఓపిక నశించింది. దిగుడు నిండా కందికట్టె పరిచి ఉంది.

మా పొన్నూరులో రోడ్డు మీద వరిగడ్డి పరుస్తారు. దాని మీదుగా వందసార్లు సైకిలు తొక్కాను. మెత్తగా ఉంటుంది, పడినా దెబ్బ తగలదు. నా కళ్ళకి ఆ కట్టె కూడా గడ్డిలాగే కనిపించింది.

"నాగమణీ, నువ్వు ముందు పో" అన్నాను.

"కట్టె మీద పోగూడదంట టీచర్. మాస్టారు చెప్పారు."

"గడ్డే కదే. మెత్తగా ఉంటుంది. నెమ్మదిగా దిగు."

ఆ పిల్లకి తెలుసు. నాకు తెలియదు. కానీ టీచర్ని నేను. దిగింది.

ఎండిన కందికట్టె పుల్ల గట్టిగా ఉంటుంది. ముందు చక్రం చువ్వల్లో ఒకటి ఇరుక్కుంది. చక్రం ఉన్నచోటే బిగుసుకుపోయి, పిల్ల హ్యాండిల్ మీద నుంచి ఎగిరి అవతల పడింది. వెనకే వస్తున్న పిల్ల నా అరుపుకి బెదిరి పక్క గుంటలోకి తిప్పేసింది. నేను పరిగెత్తేసరికి నాగమణి గడ్డం చీలి రక్తం కారుతోంది. ఎడమ చెయ్యి ఉండాల్సిన తీరున లేదు. మలుపు అవతల కట్టె పక్కకి నెట్టి దారి చేస్తున్న మాస్టారు పరిగెత్తుకుంటూ వచ్చారు. రోడ్డు మీద పరిచిన కట్టెలోంచే రెండు పుల్లలు తీసి, చేతికి ఆనించి, తువ్వాలుతో కట్టారు. కట్టడం అయ్యాక నా వైపు చూశారు.

"ఎవరు పొమ్మన్నారు?"

"నేనే."

"ఈ మాట ఇక్కడితో ఆపండి" అన్నారు.

లారీ ఆపి కందుకూరు ఆసుపత్రికి చేర్చాం. మధ్యాహ్నానికి నాగమణి వాళ్ళ నాన్న వచ్చాడు. వరండాలో, పిల్లలందరి ముందూ, మాస్టారి చెంప పగలగొట్టాడు. కళ్ళజోడు ఎగిరిపడింది. నేను నోరు తెరిచాను. మాస్టారు కొట్టినవాణ్ణి చూడలేదు, నన్ను చూశారు. ఆ చూపుకి నా నోరు మూతపడింది.

"నేనే పొమ్మన్నానయ్యా. తప్పు నాది. ఇంకో రెండు కొట్టు. పిల్లని మాత్రం బడి మాన్పించబాక" అన్నారు.

తర్వాత బయట టీ కొట్టు దగ్గర నేను ఏడుస్తుంటే మాస్టారు నచ్చజెప్పారు. "మీరు చెప్పుంటే ఏమయ్యేది టీచరమ్మా? ఆడమనిషిని నమ్మి పంపితే ఇట్టా చేసిందనేవాళ్ళు. ఇంక ఈ ఊళ్ళో ఆడపిల్లల్ని ఏ టీచరమ్మ వెంటా పంపరు. నన్నంటే ఒక్కణ్ణే గదా తిట్టేది."

ఆయన త్యాగానికి నేను కుమిలిపోయానని రాస్తే బాగుంటుంది. కానీ ఆయన నిజం చెప్పొద్దన్నారని తెలియగానే నాకు ప్రాణం లేచొచ్చింది. ఇన్నేళ్ళూ నన్ను తిన్నది అదే.

మాస్టారికి మెమో వచ్చింది. ఆయన ఇక పిల్లల్ని ఊరు దాటించకూడదన్నారు. నాగమణి చేతికి కట్టు విప్పగానే బడికి వచ్చింది. వాళ్ళ నాన్న మాట తప్పాడో, మాస్టారి మాట విన్నాడో నేను అడగలేదు. మరుసటి ఏడు మాస్టారు నన్ను అదే దిగుడుకి తీసుకెళ్ళి నాలుగుసార్లు నడిపించారు. కందికట్టె చేతికిచ్చి విరిచి చూడమన్నారు. "ఈసారి మీరు తీసుకుపోండి" అన్నారు. తీసుకెళ్ళాను. ప్రతి దిగుడూ ముందు నడిచి చూశాను. ఊరి చివర నిలబడి పిల్లల బ్రేకులు ఒక్కొక్కటే నొక్కి చూసి పంపిన ఆ మనిషి, మేం తిరిగొచ్చేసరికి అక్కడే ఉన్నారు. "సముద్రం ఎట్టుందే?" అని పిల్లలందర్నీ వరసగా అడిగారు, తానెప్పుడూ చూడనట్టు.

నేను బదిలీ మీద వచ్చేశాక, కంది కోతలప్పుడల్లా ఆయన దగ్గర్నుంచి కార్డు ముక్క వచ్చేది. "కట్టె పరిచారు. జాగ్రత్త." సత్తెనపల్లిలో నేను ఆటో ఎక్కి బడికి పోతానని ఆయనకు తెలుసు. అయినా రాసేవారు. ఆ రోజు సంగతి మాత్రం ఒక్కసారీ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

శ్మశానం ఊరి బయట, రోడ్డు పక్కనే. ఆడవాళ్ళం రోడ్డు మీదే ఆగాం. నాగమణి స్కూటీ మీద వాళ్ళ నాన్నని తీసుకొచ్చింది. బస్సులో నాకు భయం వేసింది ఈయన ఎదురుపడతాడనే. మనిషి బాగా ముసలివాడయ్యాడు. నన్ను గుర్తుపట్టి దణ్ణం పెట్టాడు. ఇప్పుడు చెప్పకపోతే ఇక ఎప్పటికీ చెప్పలేనని తెలిసింది.

"ఆ రోజు మీ అమ్మాయిని పొమ్మన్నది మాస్టారు కాదండి. నేను" అన్నాను.

ఆయనకు వెంటనే అర్థం కాలేదు. కూతురి వైపు చూశాడు.

"నాకు తెలుసు నాన్నా. మా తొమ్మిది మందినీ ఎవరితోనూ చెప్పొద్దన్నారు మాస్టారు. చెబితే టీచర్ని ఊళ్ళో ఉండనియ్యరన్నారు" అంది నాగమణి.

"మరి నా చేత దెబ్బలెందుకు తిన్నాడు?" అన్నాడు. జవాబు కోసం ఆగకుండా శ్మశానం లోపలికి వెళ్ళాడు.

అందరూ తలా మూడు పిడికిళ్ళ మట్టి వేసి బయటికొస్తున్నారు. నాగమణి వాళ్ళ నాన్న చివరగా వచ్చాడు. కుడిచెయ్యి పిడికిలి బిగించి ఉంది, వేళ్ళ సందుల్లోంచి మట్టి జారుతోంది.

"వెయ్యలేదా నాన్నా?"

"ఈ చేత్తోనే గదే కొట్టింది" అన్నాడు.

నాగమణి ఆయన భుజం పట్టుకోబోతే విదిలించుకుని, జనం వెళ్ళిపోయేదాకా రోడ్డు మీదే నిలబడ్డాడు. ఆ తర్వాత ఒక్కడే మళ్ళీ లోపలికి నడిచాడు. మేమిద్దరం బయట నుంచి చూస్తూనే ఉన్నాం. ఆ కొత్త మట్టి పక్కన గొంతుక్కూర్చుని, వెలుగు పోయేదాకా ఏదో చెబుతూనే ఉన్నాడు. పిడికిలి మాత్రం విప్పలేదు.