వెంచురీని పీకనివ్వలేదు

నాకు ముక్కు మీద కోపం. మా రైల్వే ఊళ్ళో, ఖరిదాలో మా వీధి వీధంతా అదే చెబుతుంది. ప్రేమ్ బజార్ గేటు లోపల, ఇంజినీరింగ్ కాలేజీ ల్యాబులో నా పని. అక్కడ ఒక పాత రెండు సీట్ల విమానాన్ని మళ్ళీ ఎగిరేలా బాగుచేస్తున్నాం. దానికి బ్యాటరీ లేదు, జనరేటర్ లేదు. పక్కన బయటికి ఒక వెంచురీ ఉంటుంది, మధ్యలో సన్నబడిన లోహపు గొట్టం. విమానం వేగమందుకుంటే గాలి దాంట్లోంచి దూసుకుపోయి, ఆ సన్నటి చోట వ్యాక్యూమ్ పుడుతుంది. ఆ వ్యాక్యూమే ట్యూబు ద్వారా లోపలి టర్న్ ఇండికేటర్‌లో గైరో చక్రాన్ని తిప్పుతుంది. మబ్బుల్లో విమానం ఎటు తిరుగుతోందో పైలట్‌కు చెప్పేది అదే.

మా ప్రొఫెసర్‌గారు గుంటూరు వైపు మనిషి. వెంచురీని పీకేసి కరెంటుతో తిరిగే గైరో పెడదామన్నారు. అంటే బ్యాటరీ మోయాలి, వైర్లు లాగాలి. ఇక అది ఆ విమానమే కాదు. నాకు ఒళ్ళు మండి, కుదరదన్నాను. చివరికి విండ్ టన్నెల్‌లో, పెద్ద ఫ్యానుతో గాలి తోసే సొరంగంలో, ఒక్క పరీక్షకు ఒప్పుకున్నారు. చక్రం తిరక్కపోతే వెంచురీ తుక్కులోకి, నేను ఈ పనిలోంచి బయటికి.

ముందురోజు ఇండికేటర్నూ ట్యూబుల్నీ ఇంటికి తెచ్చి నాన్న ముందు పెట్టాను. ఆయన రైల్వే వర్క్‌షాపులో వ్యాక్యూమ్ బ్రేకుల ఫిట్టరుగా రిటైరయ్యారు. బ్రేకు పైపుకి చిల్లుంటే రైలు కదలదు, అందుకని బతుకంతా లీకులు వెతకడంతోనే సరిపోయింది. సబ్బునీళ్ళు రాసి, ఓపిగ్గా ఒక్కో జాయింటూ బిగించి, ఇక చీమ కూడా దూరదన్నారు.

టన్నెల్ ఫ్యాను తిరిగింది. వ్యాక్యూమ్ గేజి ముల్లు లేచి నిటారుగా నిలబడింది. గైరో మాత్రం ఉలకదు పలకదు. స్టూడెంట్లు కిసుక్కున నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది.

ఫ్యాను ఆపించి ఇండికేటర్‌ను తిరగేసి చూశాను. వెనక గాలి లోపలికొచ్చే చిన్న చిల్లును పుట్టీతో నున్నగా మూసేసి ఉంది. నాన్న చేతిపని నాకు తెలీదా! ఇక్కడ వ్యాక్యూమ్ లాగితే ఆ చిల్లులోంచి దూసుకొచ్చే గాలే చక్రాన్ని తిప్పాలి. బ్రేకుల మనిషి చిల్లు చూసి ఊరుకుంటాడా? గాజుకున్న పిన్నీసు తీసి పుట్టీని జాగ్రత్తగా గీరేశాను. ఈసారి గైరో ఝుమ్మంది. ఇండికేటర్‌ను చేత్తో పక్కకు తిప్పితే దాని ముల్లు చక్కగా ఒరిగింది.

పుట్టీ పెట్టిందెవరో నన్నడిగి తెలుసుకుని, ప్రొఫెసర్‌గారు వెంచురీని ఉంచేద్దామన్నారు. అక్కడితో ఆగితే బాగుండేది.

"ఇకమీదట మీ నాన్నగారి చేతికివ్వకండమ్మా. ఇది రైలు కాదు."

తలూపి ఊరుకోవచ్చు. నావల్ల కాలేదు. కోపమొస్తే నాకు ఇంటి భాషే వస్తుంది.

"ఆ ట్యూబులన్నీ బిగించింది మా నాన్నే సార్. ఒక్క కాడన్నా గాలి పోయిందేటి? రేపు ఆయన్ని ఇక్కడికే తీసుకొస్తాను."

పుట్టీ సంగతి విని నాన్న ముఖం చిన్నబోయింది. అందరూ నవ్వుతారు, రానన్నారు. నవ్వితే నవ్వనీ అని పొద్దున్నే టోటో రిక్షా ఎక్కించాను. టన్నెల్ దగ్గర ఆయన వంగి, చిల్లులోకి గాలి పోయే చప్పుడు చాలాసేపు విన్నారు. అలవాటుకొద్దీ వేలు అటు కదిలింది. మళ్ళీ వెనక్కి తీసుకున్నారు. తర్వాత ప్రొఫెసర్‌గారి వైపు తిరిగారు.

"ఈ సిల్లు మీది సార్, ముట్టుకోను. మిగతా జాయింట్లన్నీ నావి."

ప్రొఫెసర్‌గారు స్పానర్ తీసి ఆయన చేతికిచ్చారు.