ఆర్సీలో రంగు నీలం

మా వియ్యంకుడు పోయారు. సోమవారం ఉదయం ఏడూ ఇరవైకి మా అమ్మాయి ఫోన్ చేసింది. స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, కాఫీ తాగి, వీధి గుమ్మంలో చెప్పులు తొడుక్కోబోతూ అలాగే కూర్చుండిపోయారట. మళ్ళీ లేవలేదు. "బండి కోసం బయల్దేరారమ్మా," అంది మా అమ్మాయి.

ఆయన గుండె బలహీనంగా ఉందని డాక్టరు నాలుగేళ్ళ కిందటే చెప్పారు. అందుచేత ఆయన్ని ఫలానా వాళ్ళు చంపారని నేను రాయను. రుజువు లేని మాట రాయడం నాకు అలవాటు లేదు. నేను కళ్ళారా చూసినవీ, నా చేతులతో చేసినవీ మాత్రమే రాస్తాను. అవే చాలినన్ని ఉన్నాయి.

ఆయన పోర్టులో ముప్పై మూడేళ్ళు క్రేన్ నడిపారు. పుట్టింది ఎలమంచిలి దగ్గర పల్లెలో, ఇల్లు కట్టుకున్నది మల్కాపురంలో. మాది కృష్ణా జిల్లా. మా వారి స్టీల్ ప్లాంటు ఉద్యోగంతో ఇటు వచ్చి ఇక్కడే ఉండిపోయాం. నేను హైస్కూల్లో లెక్కలు చెప్పేదాన్ని. మా అమ్మాయిని వాళ్ళబ్బాయికి ఇవ్వాలని అనుకున్నప్పుడు మావాళ్ళు కొందరు ఇల్లు చూడటానికి వెళ్ళారు. వాళ్ళు పిల్లవాణ్ణి చూసిన దానికంటే వీధిలో ఆగి ఉన్న తండ్రిగారి కారును ఎక్కువసేపు చూసి వచ్చారు.

నాలుగు తలుపుల చిన్న కారు. నీలం రంగు, ఎండకు వెలిసి కొన్నిచోట్ల తెలుపుకు దగ్గర పడింది. పోర్టులో ఒక ఆఫీసరు బదిలీ మీద వెళ్తూ అమ్మితే కొన్నారు. అద్దం దించాలంటే పిడి పట్టుకుని తిప్పాలి. మల్కాపురంలో రాత్రంతా బొగ్గు పొడి రాలుతుంది. కారు కొత్తదా పాతదా అని అది చూడదు. తెల్లవారగానే ఆయన పాత లుంగీ గుడ్డ తడిపి ఆ నలుపంతా తుడిచేవారు. తుడిచాక బండి స్టార్ట్ చేసి, దిగి, ముందు నిలబడి కాసేపు చెవి ఒగ్గి వినేవారు. ఆ వినే సమయంలో ఎవరు పలకరించినా జవాబు చెప్పేవారు కాదు.

"ఇంకా ఎన్నాళ్ళు అన్నయ్యగారూ దీంతో? అబ్బాయి కొత్తది కొంటానంటున్నాడుగా," అని ఒకసారి అన్నాను.

"నాను నడిపిన క్రేన్ నాకంటే పెద్దది చెల్లెమ్మా," అన్నారు. "దాని కిందనుంచి ఎంతమంది మనుసులు నడిసీవోరో. ఎవులూ బయపడ్లేదు. ఏడాదికోపాలి బరువెట్టి సూసీవోరు. లేపిందా, పన్సేత్తాది. లేపలేదా, ఆపెయ్యాల. దాని వయసెంతని ఎవులూ అడగలేదు."

ఆయన వస్తువునైనా మనిషినైనా అలాగే చూసేవారు. ముందు బరువు పెట్టి, తరువాత మాట్లాడేవారు.

రోడ్డు మీద ఆ పద్ధతి లేదు. మీలో కొత్త కార్లలో తిరిగేవాళ్ళకు ఈ సంగతి తెలిసే అవకాశం తక్కువ. తనిఖీ జరిగే చోట పది కార్లు వరసగా వస్తే, తొమ్మిదింటిని వదిలిన చెయ్యి పదోదానికి అడ్డం పడుతుంది. ఆ పదోది ఆయనది. మా మనవరాల్ని రోజూ గాజువాకలో బడికి దింపేది ఆయనే. తలుపు పక్కన జేబులోంచి కాగితాలు ఏ వరసలో తీసి ఇవ్వాలో ఆ పిల్లకు ఎక్కాల కంటే ముందు వచ్చింది.

మొదట్లో నేను నమ్మలేదు. "తప్పు లేనివాణ్ణి పోలీసులు ఎందుకు ఆపుతారు?" అని ఆయన ముందే అన్నాను.

"అదే నానూ అడుగుదావనుకుంతన్నాను చెల్లెమ్మా," అన్నారు నవ్వుతూ. "అడిగితే ఇంకో అరగంట నిలబెడతారని ఊరుకుంతన్నాను."

కాగితాల్లో ఏదో లోటు ఉండి ఉంటుందని నా నమ్మకం. ఆయన దగ్గరున్నవన్నీ తెమ్మని, మా భోజనాల బల్ల మీద పరిచి ఒక్కొక్కటీ చదివాను. లైసెన్సు, ఆర్సీ, ఇన్సూరెన్సు, పొల్యూషన్ కాగితం, పదిహేనేళ్ళు దాటాక మళ్ళీ చేయించిన రిజిస్ట్రేషన్. ఒక్కదానికీ గడువు తీరలేదు. అయినా నా తృప్తి కోసం వాటిని ఒక ఫైల్లో వరసగా పెట్టి, పైన తేదీలు రాసి అంటించి ఇచ్చాను. ఆయన దాన్ని రెండు చేతులతో అందుకున్నారు. "ఇంక మనల్ని ఆపినోడు సెల్యూట్ కొట్టాల," అన్నారు.

ఆ ఫైలు ఎంత పనికొచ్చిందో స్వయంగా చూశాను. వ్రతానికి పూలు కావాలంటే ఆనందపురంలో తాజాగా దొరుకుతాయని తీసుకువెళ్ళారు. రెండు బస్తాల చామంతులతో తిరిగి వస్తూంటే రోడ్డు మీద తనిఖీ. మా ముందు మూడు కార్లు వేగం తగ్గించకుండానే వెళ్ళిపోయాయి. మమ్మల్ని ఆపిన కానిస్టేబుల్‌కు పాతికేళ్ళు ఉంటాయేమో. మా వియ్యంకుడు అతను పిలవక ముందే దిగి నిలబడ్డారు.

"ఎక్కణ్ణుంచి?"

"ఆనందపురం బాబూ. పూలు."

"పూలేనా? ఏజెన్సీలోంచి దిగుతన్నావా? డిక్కీ తీయ్."

మన్యం నుంచి గంజాయి ఇలాంటి డొక్కు బండ్లలోనే వస్తుందని వాళ్ళ లెక్క. అతను ఫైలు వైపు చూడనైనా చూడలేదు. ఒక ఇనప చువ్వ తెచ్చి పూలబస్తాల్లో గుచ్చడం మొదలుపెట్టాడు. గుచ్చి, తిప్పి, లాగి, మళ్ళీ ఇంకోచోట. నేను దిగాను.

"బాబూ, ఇందాక వెళ్ళిన తెల్ల కారు డిక్కీ ఎందుకు చూడలేదు?"

"ఆళ్ళు పెద్దోళ్ళమ్మా," అన్నాడు, అది జవాబే అన్నట్టు. తరువాత ఆయన వైపు తిరిగి, "ఏటి ముసలోడా, లాయరమ్మని ఎంటేసుకుని తిరుగుతన్నావేటి?" అన్నాడు.

ఆయనకు అప్పటికి అరవై తొమ్మిది. ఆ కుర్రవాడు ఆయన కొడుకు కంటే చిన్నవాడు. "కూకోండి చెల్లెమ్మా," అన్నారు నెమ్మదిగా. "మనం మాటాడినకొద్దీ పూలు నలుగుతాయి." గాజువాక దాటాక ఆయన అన్నారు: "ఓ బస్తా దేవుడికి, ఓ బస్తా పోలీసోళ్ళకి. సరిపోనాది."

పోలీసుల సంగతి అలా ఉంచండి. మిగిలినవాళ్ళం ఏం చేశాం? మా అమ్మాయి ఉండే అపార్టుమెంటు వాచ్‌మన్ ఆయన కారును లోపలికి రానిచ్చేవాడు కాదు. సందు చివర పెట్టి నడిచి వచ్చేవారు. బడి గేటు దగ్గర గార్డు "డ్రైవర్లు బయట నిలబడాలి" అంటే, "నాను డ్రైవర్నే కదా, ఆడు తప్పేటన్నాడు?" అని ఎండలో నిలబడ్డారు. మా మనవరాలు ఇంటికి వచ్చి చెబితే మేమంతా నవ్వాం. నేనూ నవ్వాను.

ఇప్పుడు నా సంగతి. మా చిన్నవాడి పెళ్ళి రిసెప్షన్ బీచ్ రోడ్డులో పెద్ద హాల్లో పెట్టాం. ఆయన మాకు ముఖ్యమైన చుట్టం కాబట్టి ముందు వరసలో ఉండాలి. ఆ కారు మాత్రం గుమ్మం ముందు ఆగకూడదని నా మనసులో ఉంది. కొత్త వియ్యాలవారు ఏమనుకుంటారో అని. ఆ మాట పైకి అనలేక, "అన్నయ్యగారూ, రంగైనా వేయించండి. చూడటానికి బాగుంటే పోలీసులు కూడా గౌరవిస్తారు," అన్నాను. రంగుల కార్డు తెప్పించి, వెండిలాంటి బూడిద రంగు మీద నేనే వేలు పెట్టాను. ఈ రోజుల్లో ఖరీదైన కార్లన్నీ ఆ రంగులోనే కనిపిస్తున్నాయి.

ఆయన ఒక్క క్షణం కారు వైపు చూశారు. "నీలం దానికి అలవాటైపోనాది," అన్నారు. ఆ తరువాత, "మీరు సెప్పేరంటే ఆలోసించే సెప్పుంటారు," అన్నారు.

పోర్టులో ఆయనతో పనిచేసి రిటైరైన పెయింటరే రంగు వేశాడు. జీవితమంతా క్రేన్లకు రంగులు వేసిన చెయ్యి అది. ఉప్పుగాలికి ఇనుము ఎక్కడా బయట కనబడకూడదన్నది వాళ్ళ పద్ధతి. రెండు పూతలు దట్టంగా వేశాడు. బానెట్ కింద చెక్కి ఉండే ఛాసిస్ నంబరు కూడా ఆ పూతలో పూడిపోయింది. రిసెప్షన్ రోజున హాలు దగ్గర కార్లు చూసుకునే కుర్రవాడు పరుగున వచ్చి ఆయన కోసం తలుపు తీశాడట. ఆ సంగతి నాకు రెండుసార్లు చెప్పారు. నాకు సంతోషం వేసింది.

తొమ్మిదో రోజున ఆయన్ని మళ్ళీ ఆపారు. ఫైలు తెరిచారు. ఈసారి మొదటిసారిగా ఒక కానిస్టేబుల్ ఆర్సీ కార్డు పూర్తిగా చదివాడు. రంగు అన్న గడిలో నీలం అని ఉంది. ఎదురుగా ఉన్న కారు బూడిద రంగులో ఉంది. బానెట్ ఎత్తితే నంబరు చదవడానికి రావడం లేదు. దొంగబండికి రంగు మార్చి తిప్పుతున్నాడన్నారు. ఆ కార్డు నేను ఎన్నిసార్లు చదివానో నాకే తెలియదు. గడువు తేదీలు కంఠతా వచ్చు. రంగు మార్చేముందు రవాణా ఆఫీసులో రాయించుకోవాలన్న ఆలోచన నాకు రాలేదు. అన్నేళ్ళు ఆయన మీద ఒక్క తప్పూ దొరకని వాళ్ళకు, నేను వేలు పెట్టి ఒక తప్పు చూపించాను.

స్టేషనుకు నేనూ వెళ్ళాను. ఎస్సై కుర్చీలోంచి లేవకుండా, "ఈ వయసులో బండి రంగెందుకు మార్చావ్?" అని అడిగాడు.

నేను ఆయన పక్కనే నిలబడి ఉన్నాను. బడిలో, ఇంట్లో, బంధువుల్లో ఎవరు తప్పు మాట్లాడినా అక్కడికక్కడే దిద్దే మనిషిని. నా నోరు తెరుచుకోలేదు.

"పాతదైపోనాది బాబూ," అన్నారాయన. "సరదా పడ్డాను."

కారు స్టేషను వెనక ఆవరణలో పెట్టేశారు. విడిపించడానికి ఆయన పదకొండుసార్లు తిరిగారు. స్టేషనులో రవాణా ఆఫీసు ఉత్తరం తెమ్మనేవారు, అక్కడికి వెళితే స్టేషను ఉత్తరం లేనిదే ఇవ్వమనేవారు. తిరిగిన ప్రతిసారీ ఆవరణ గోడ దగ్గర ఆగి బండిని చూసి వచ్చేవారు. "తుప్పు పట్టలేదు చెల్లెమ్మా, మనోడు పూత బాగేశాడు," అని నాకు ధైర్యం చెప్పేవారు. మా మనవరాలు ఆటోలో బడికి వెళ్ళడం మొదలుపెట్టింది. ఆటో వెళ్ళే వేళకు ఆయన వీధి చివర నిలబడి చెయ్యి ఊపేవారు.

ఒక ఆదివారం మా ఇంట్లో భోజనాలు చేస్తూంటే మా అల్లుడికి కోపం ఆగలేదు. "డెబ్బై దాటాక రంగులేటి నాన్నా నీకు? ఇప్పుడు ఆఫీసులెంట తిరుగుతన్నావ్. నలుగురిలో నాకు తలకొట్టేసినట్టుంది," అన్నాడు. ఆయన చారన్నం కలుపుకుంటున్నారు. నా వైపు చూస్తారనుకున్నాను. చూడలేదు. "బుద్ది తక్కువైపోనాదిరా," అన్నారు. "ఇంకొంచెం చారెయ్యండి చెల్లెమ్మా."

నేను చారు వేశాను. అంతే చేశాను.

ఆ రంగు వేయించింది నేను. మా అల్లుడు ఈ సంగతి ఇక్కడే మొదటిసారి చదువుతాడు. తండ్రి ముందు చెప్పవలసిన మాట తండ్రి పోయాక అచ్చులో చెబుతున్నాను. దీన్ని నిజాయితీ అని ఎవరూ మెచ్చుకోవద్దు. పన్నెండోసారి తిరగడానికి ఆయన చెప్పులు తొడుక్కోబోయిన ఉదయం వరకూ నాకు వ్యవధి ఉంది.

పదకొండో రోజు కార్యం వాళ్ళ పల్లెలో చేశారు. మా అల్లుడి స్నేహితుడు తన కొత్త కారులో మమ్మల్ని తీసుకువెళ్ళాడు. అనకాపల్లి దాటాక హైవే మీద తనిఖీ జరుగుతోంది. కానిస్టేబుల్ చెయ్యి ఎత్తగానే నేను తలుపు పక్కన జేబులో కాగితాల కోసం తడిమాను. అతను ఆపడానికి ఎత్తలేదు, త్వరగా వెళ్ళమని ఊపుతున్నాడు.

"కాగితాలన్నీ ఉన్నాయా బాబూ?" అని అడిగాను.

"ఇన్సూరెన్స్ అయిపోయి రెండు నెల్లయింది ఆంటీ. ఇంతవరకూ నన్నెవరూ ఆపలేదు లెండి," అన్నాడు ఆ అబ్బాయి.

కారు ఆపమన్నాను. "అత్తయ్యా, ఇప్పుడెందుకు," అని మా అల్లుడు అంటూనే ఉన్నాడు. అద్దం దించి కానిస్టేబుల్‌ను పిలిచాను.

"మా కాగితాలు కూడా చూడండి."

అతను నన్ను చూశాడు, కారును చూశాడు, నవ్వాడు. "మీ బండికేటమ్మా. ఎల్లండి, ఎల్లండి. ఎనకాల ట్రాఫిక్ ఆగిపోతంది."

అద్దం దానంతటదే పైకి లేచింది. మా ముందు, రోడ్డు పక్క మట్టిలో ఒక పాత కారు ఆగి ఉంది. నా వయసు మనిషి ఒకాయన కాగితాలు బానెట్ మీద పరిచి రెండు అరచేతులతో అదిమిపెట్టి నిలబడ్డాడు. ఒక లారీ దూసుకుపోయిన గాలికి ఒక కాగితం ఎగిరి కింద పడి దొర్లింది. దాన్ని ఆపడానికి ఆయన కాలు ఎత్తాడు. కాగితం మీద కాలు పెట్టకూడదని చిన్నప్పుడు నేర్చుకున్న మనిషి. ఎత్తిన కాలు అలాగే వెనక్కి తీసుకున్నాడు. నడుం వంచి, చెయ్యి చాపి, ఆ కాగితం వెనకాల రోడ్డు వారన నడుస్తూ పోయాడు.