పేరమ్మ అడిగిన తరువాతే సూది

పేరమ్మ మనవడు చిన్నాకు నెలన్నర సూది వేయించిన రోజు తొడ వాచింది. ఒళ్లు కాలిపోయింది. బిడ్డ రెండు రోజులు ఏడుస్తూనే ఉన్నాడు. మూడో నెల రాగానే కోడలు దుర్గ రొయ్యల షెడ్డులో పనికి వెళ్లడంతో, బిడ్డ బాధ్యత పేరమ్మ మీద పడింది. దొరవారిసత్రం దగ్గర, పులికాట్ సరస్సు ఒడ్డున, కుప్పం అని పిలిచే జాలర్ల పల్లెలో చేపలు ఎండబెట్టి అమ్మే మనిషి ఆమె.

రెండో సూది వేళకు నర్సు విజయకుమారి వస్తే, పేరమ్మ వాకిట్లోనే ఆపేసింది.

"బాగుండే బిడ్డకి జొరం తెచ్చిపెట్టినారు. ఇంగ సూది మాటెత్తద్దు."

విజయకుమారి వాదించలేదు. చేపలు ఆరేసిన పట్ట పక్కనే కూర్చుని, "నీకేం అడగాలనుందో అడుగు పెద్దమ్మా," అంది.

"ఒకసారి ఏసినారు గదా, మళ్లా ఎందుకంట?"

"జబ్బును గుర్తుపట్టడం ఒంటికి నేర్పిస్తాం. ఒకసారితో పూర్తిగా రాదు. ఆ నేర్చుకునేటప్పుడే కాస్త జ్వరం."

పేరమ్మ పట్ట మీది చేపను తిరగేసింది.

"మా ఆయన నా కొడుక్కి వల ఇసిరేది ఒక్కనాడే నేర్పినాడా? అట్టాంటిదా?"

"అట్టాంటిదే."

"ఈ ముక్క ఆ పొద్దే చెప్పుంటే నేనెందుకు అడ్డం పడతాను?"

ఆ రోజు రద్దీలో సూది వేసి, కార్డు చేతిలో పెట్టి పంపిన మాట నిజమే. విజయకుమారి తప్పు ఒప్పుకుంది.

పేరమ్మకు చదువు రాదు. అయినా అప్పటినుంచి నాలుగు మాటలు అడగనిదే బిడ్డ తొడ చూపించేది కాదు. ఇది ఏ జబ్బుకు? వేశాక ఏమవుతుంది? అప్పుడేం చేయాలి? మళ్లీ ఎప్పుడు రావాలి? విన్నది విన్నట్టు గుర్తుపెట్టుకునేది.

నిరుడు వేసవిలో పక్క కుప్పంలో పిల్లలకు తట్టు లేచింది. సూది మిగిలిన బిడ్డలున్నారేమోనని పేరమ్మ తన కుప్పంలో ఇల్లిల్లూ తిరిగింది. వలలు బాగుచేసే ముత్యాలయ్య తన మనవరాలికి రెండో తట్టు సూది వేయించలేదు.

"తొమ్మిదో నెలలో ఏయించినాం గదక్కా, చాల్లే," అన్నాడతను.

"మొదటిది అందరి ఒంట్లో నిలబడదు ముత్యాలయ్యా. నీ మనవరాలికి నిలబడిందో లేదో నీకు తెలుసా? నాకు తెలుసా? అందుకే రెండోది."

ముత్యాలయ్య చేతిలోని వల పక్కన పెట్టాడు. లోపలికెళ్లి బిడ్డను తీసుకెళ్లమని గౌను తెచ్చిచ్చాడు.

ఆ రోజు పేరమ్మ వెంట ఆస్పత్రికి తొమ్మిదిమంది బిడ్డలొచ్చారు. తల్లులకు ఆమె చెబుతున్నది విని కొత్త డాక్టరు ఆశ్చర్యపోయాడు.

"ట్రైనింగ్ ఎక్కడయ్యావమ్మా?"

"మా వాకిట్లోనే సారూ."

ఆ వేసవిలో పేరమ్మ కుప్పంలో ఏ బిడ్డకూ తట్టు రాలేదు. ఇప్పుడు టీకాల రోజున తల్లులతోపాటు అవ్వల్ని కూడా రమ్మని విజయకుమారి కబురు పెడుతుంది. పేరమ్మ ఉతికిన చీర కట్టుకుని అందరికంటే ముందు వెళ్తుంది. ఆ పూట చేపల కోసం వచ్చినవాళ్లకు ఆమె భర్త చిన్నపోలయ్య గొంతు పెంచి మరీ చెబుతాడు:

"రేపు రాండి. మా ఇంటామె ఈ పొద్దు ఆస్పత్రి పని మీద ఉండాది."