పాలబండెక్కిన ఫోన్లు

నా ఉద్యోగ విరమణకు రెండేళ్ల ముందు, పత్తి తీతలు మొదలైన రోజుల్లో, మా విత్తనాల కంపెనీ నన్ను గుంటూరు ఏరియా మేనేజరుగా వేసింది. ఆఫీసు బ్రాడీపేటలో. చిలకలూరిపేట వైపు నా కింద ముగ్గురు ఫీల్డ్ ఆఫీసర్లు ఉండేవారు. మా విత్తనం మీద రైతు ఎవరైనా ఫిర్యాదు చేస్తే వాళ్లలో ఒకరు చేనుకు వెళ్లి, మొక్కలు చూసి రిపోర్టు పంపాలి. దాని మీద నేను సంతకం పెట్టాకే పరిహారమైనా, తిరస్కారమైనా.

ఆ ఏడాదే హెడ్డాఫీసు మా అందరికీ కంపెనీ ఫోన్లు ఇచ్చింది. వాటి తాళాలన్నీ హైదరాబాదులోనే. మనంతట మనం కొత్త యాప్ ఎక్కించలేం. లొకేషన్ ఆపుదామంటే ఆ మీట బూడిద రంగులో ఉంటుంది, ఎంత నొక్కినా కదలదు. ‘ఈ సెట్టింగు మీ సంస్థ అధీనంలో ఉంది’ అని కింద ఒక ముక్క వస్తుంది. మేనేజర్ని కదా అని నా ఫోనుకేమీ మినహాయింపు లేదు. ఎవరి ఫోన్ ఏ ఊళ్లో ఎంతసేపు ఆగిందో నా కంప్యూటర్లో మ్యాపు మీద కనిపించేది. ఇంట్లో కూర్చుని రిపోర్టులు రాసేవాళ్లతో ఏళ్ల తరబడి వేగినవాణ్ణి, నాకిది వరంలా తోచింది. ఆఫీసుకు వచ్చినవాళ్లందరికీ ఆ మ్యాపు చూపించి మురిసిపోయేవాణ్ణి.

కోటేశ్వరరావు అనే కౌలు రైతు వచ్చింది అప్పుడే. ఆయన వేసిన మా మిరప ఏపుగా ఎదిగింది గానీ కాయ పట్టలేదు. ఫిర్యాదు ఇస్తే, ‘చేను చూశాను, విత్తనంలో లోపం లేదు’ అని మా ఫీల్డ్ ఆఫీసర్ శ్రీను రిపోర్టు పంపాడు. నేను సంతకం పెట్టేశాను. అవతల శనగకు అదును దాటిపోతోంది. మిరప పీకేస్తే సాక్ష్యం పోతుంది, ఉంచితే శనగ పోతుంది. ఎవరైనా వచ్చి ఒక్కసారి చూస్తే చాలన్నది ఆయన గోడు.

“మా చేలో మీవాళ్లెవరూ అడుగు పెట్టలేదండీ,” అన్నాడు.

నా ఎదురుగా ఇద్దరు డీలర్లు కూర్చుని ఉన్నారు. కంప్యూటర్ ఆయన వైపు తిప్పాను. శ్రీను ఫోన్ మంగళవారం ఆయన చేను పక్క రోడ్డు మీద ఆగిన గుర్తు అందులో ఉంది. ఫోన్ అబద్ధం చెప్పదు కదా అన్నాను.

“అయితే నేను చెబుతున్నానా అండీ?”

డీలర్లలో ఒకాయన కిసుక్కున నవ్వాడు. కోటేశ్వరరావు ముఖం కందగడ్డ అయింది. వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు. నేను డీలర్లకు మ్యాపు గొప్పలు చెబుతూనే ఉన్నాను.

పది రోజుల తర్వాత ముగ్గురు ఆఫీసర్ల ఫోన్లూ అమరావతిలో, గుడి దగ్గర, ఒకేచోట కనిపించాయి. పని మానుకుని ముగ్గురూ పుణ్యానికి బయల్దేరారా అని ఒళ్లు మండి శ్రీను నంబరు కొట్టాను. ఎవరిదో కొత్త గొంతు పలికింది.

“నేను పాలబండి డ్రైవర్నండి. సారోళ్లు వాళ్ల చేలల్లో పత్తి తీయిస్తన్నారండి. రోజూ ఫోన్లు నాకిచ్చి ఊళ్లన్నీ తిప్పుకు రమ్మంటారు. ఇయ్యాల మావోళ్లని గుడికి తీసుకొచ్చా, ఫోన్లు బండిలోనే ఉండిపోయినయ్. ఏమన్నా అర్జెంటాండీ?”

లొకేషన్ ఆపడం కుదరక, ఫోన్లనే ఊరేగించారన్నమాట. పాలబండి ప్రతి ఊళ్లోనూ పాలకేంద్రం దగ్గర ఆగుతుంది. కోటేశ్వరరావు చేను అలాంటి కేంద్రం పక్కనే. సాయంత్రం ఫోన్లు చేతికొచ్చాక ఇంట్లో కూర్చుని రిపోర్టులు నింపేవారు. కూలీలు దొరకడమే గగనమైందని, దొరికిన రోజున చేను వదిలి రాలేకపోయామని శ్రీను తర్వాత ఒప్పుకున్నాడు. డ్రైవరుతో మాట్లాడి ఫోన్ పెట్టేయగానే నాకు ఆ డీలరు నవ్వు గుర్తొచ్చింది. ఆఫీసులో ఎవరి ముఖమూ చూడలేకపోయాను.

ఆ మధ్యాహ్నమే కోటేశ్వరరావు ఊరు వెళ్లాను. మిరప దున్నేసి ఉంది. శనగ మొలకలు వస్తున్నాయి. మొక్క చూడనిదే హెడ్డాఫీసు ఫిర్యాదు మళ్లీ తెరవదు, చూడ్డానికి ఒక్క మొక్క లేదు. కోటేశ్వరరావు ఇంటి అరుగు మీద ఉన్నాడు. నన్ను కూర్చోమనలేదు. జరిగిందంతా చెప్పాను. చెబుతుంటే సిగ్గుతో చచ్చిపోయాను. ఆయన అంతా విని ఒక్కటే అడిగాడు.

“ఇప్పుడు నేను ఇంట్లో ఉన్నానా అండీ? మీ ఫోనేమంటోంది?”

నేను గుంటూరు తిరిగొచ్చాను. హెడ్డాఫీసుకు ఉన్నదున్నట్టు రాస్తే ముగ్గురికీ మెమోలు వచ్చాయి, ఫోన్లకు ఇంకో తాళం పడింది. ఫిర్యాదు మాత్రం తెరవలేదు. ఆ తర్వాత సర్వీసులో ఉన్నంతకాలం, రైతుకు ఫోన్ చేసి మావాడు వచ్చాడా అని అడగకుండా ఏ రిపోర్టు మీదా నేను సంతకం పెట్టలేదు. ఒక్క కాల్‌తో అయ్యే పని. కోటేశ్వరరావు విషయంలో ఆ కాల్ కూడా అక్కర్లేకపోయింది. ఎవరూ రాలేదని మనిషే వచ్చి నా ఎదురుగా నిలబడి చెప్పాడు.